ఎండ పడని చర్మం: కారణం కనుక్కోవడం, కాచుకోవడం ఎలా

నల్లగొండలో మందుల దుకాణం నడిపే నా దగ్గరికి ఏటా శివరాత్రి దాటి ఉగాది దగ్గర పడేసరికి ఒకే మాటతో జనం రావడం మొదలవుతుంది: "ఎండ పడ్తలేదన్నా, ఏదన్న ట్యూబు ఇయ్యి." ఆ మాట అంటూనే చేతులు చాపుతారు, కాలరు పక్కకు జరుపుతారు. ఒకరికి మోచేయి నుంచి మణికట్టు దాకా ఆవగింజంత పొక్కులు ఉంటాయి. ఇంకొకరికి మెడ చుట్టూ చర్మం నల్లబడి మందమెక్కి ఉంటుంది. మూడో మనిషి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే ఎండలో పది నిమిషాలకే లేచిన దద్దుర్లు దుకాణం నీడలోకి వచ్చి తన వంతు వచ్చేసరికి అణిగిపోయి ఉంటాయి. అడిగే మాట ఒకటే గాని జబ్బులు మూడు, వాటికి వాడే మందులూ వేరు. ఒకరికి పనికొచ్చిన ట్యూబు ఇంకొకరికి దండుగ, కొన్నిసార్లు హాని కూడా. అందువల్ల ట్యూబు సంగతి చివరికి ఉంచి, ఎండ మీ చర్మాన్ని ఏ దారిన పట్టుకుంటున్నదో మీరే ఎలా కనిపెట్టవచ్చో, ఎండలో పని మానుకోలేని మన ప్రాంతంలో దాన్నుంచి ఎలా కాచుకోవాలో వరుసగా రాస్తున్నాను. నేను ఫార్మసిస్టును, డాక్టరును కాను. జబ్బును ఖాయం చేయడం డాక్టరు పని, కానీ ఆయన అడిగే ప్రశ్నలకు సరైన జవాబులు మీ దగ్గర ఉంటే ఆ పని సగం తేలిక అవుతుంది.

వేడిని, వెలుగును విడదీయండి

మొదట చేయవలసిన పని వేడి వల్ల వచ్చిన బాధ ఏది, వెలుగు వల్ల వచ్చినది ఏది అని తేల్చుకోవడం. చెమట బయటికి రాలేక చర్మంలోనే చిక్కుకుంటే చెమటకాయలు వస్తాయి కనుక అవి వీపు మీద, నడుము దగ్గర, బట్ట ఒరుసుకునే చోట లేస్తాయి. రోజంతా వంటింట్లో పొయ్యి ముందు ఉన్నవారికీ వస్తాయి, చల్లగాలి తగిలితే తగ్గుతాయి. ఎండ పడకపోవడం అలా కాదు. అది బట్ట కప్పిన చోటును వదిలేసి వెలుగు తగిలిన చోటునే పట్టుకుంటుంది. దీనికి మూలం ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు. వాటిలో తరంగదైర్ఘ్యం (అలల పొడవు) 280 నుంచి 320 నానోమీటర్ల మధ్య ఉన్నవాటిని యూవీ-బి అని, 320 నుంచి 400 మధ్య ఉన్నవాటిని యూవీ-ఎ అని పిలుస్తారు. చర్మాన్ని కమిలించడంలో యూవీ-బిది పెద్ద చెయ్యి, మందుల వల్లా మొక్కల రసాల వల్లా వచ్చే బాధల్లో ఎక్కువగా యూవీ-ఎది. మామూలు కిటికీ అద్దం యూవీ-బిని దాదాపుగా ఆపేస్తుంది గాని యూవీ-ఎను చాలావరకు లోపలికి వదిలేస్తుంది. హైదరాబాదుకు రోజూ కారులో వెళ్లివచ్చే మనిషికి కిటికీ వైపున్న చేతి మీదనే పొక్కులు వస్తే, "నేను ఎండలకే పోలేదు" అన్న మాట నిజమే అయినా ఎండ మాత్రం అతని దగ్గరికి వచ్చింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నది వేడి గురించి. కిరణాల లెక్క వేరు, సూర్యుడు నడినెత్తికి ఎంత దగ్గరగా ఉంటే అవి అంత తీవ్రంగా ఉంటాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నందున ఇక్కడ సూర్యుడు సరిగ్గా తల మీద నిలిచే రోజులు ఏడాదికి రెండు వస్తాయి. ఒకటి మే రెండో వారం దరిదాపుల్లో, రెండోది ఆగస్టు మొదటి వారం దరిదాపుల్లో. అంటే వానాకాలంలో మబ్బు విడిన మధ్యాహ్నం, గాలి చల్లగా ఉన్నా, కిరణాలు మే నెలకు ఏమీ తీసిపోవు. నాట్ల సమయంలో "ఇప్పుడేం ఎండ ఉన్నది" అని చేతులు విప్పుకొని దిగినవారు మర్నాడు నా దగ్గరికి రావడం ఇందుకే. గడియారం లేకున్నా పట్టించే గుర్తు ఒకటుంది: నేల మీద మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నంతసేపు కిరణాలు బలంగా ఉన్నట్టు.

ఎంతసేపటికి వచ్చింది, ఎంతసేపు ఉన్నది

తర్వాత ఒక చిన్న నోటు పుస్తకం తీసుకొని రెండు వారాల పాటు మూడు సంగతులు రాయండి: ఎండలోకి ఎన్ని గంటలకు వెళ్లారు, పొక్కులో దురదో ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పోయింది. ఖర్చులేని ఈ పరీక్ష చెప్పినంత వివరంగా చాలా రక్తపరీక్షలు చెప్పలేవు.

ఎండలో నిలబడిన కొద్ది నిమిషాల్లోనే దురదతో దద్దుర్లు లేచి, నీడకు వస్తే గంటా రెండు గంటల్లో మచ్చ కూడా మిగలకుండా పోతుంటే అది సోలార్ అర్టికేరియా కావచ్చు. ఇది అరుదు, కానీ ఒళ్లంతా ఒకేసారి ఎండకు తగిలితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నందున తేలికగా తీసుకోకూడదు. ఎండ తగిలిన కొన్ని గంటల తర్వాతనో, మర్నాడో పొక్కులు లేచి, దురద పెట్టి, వారం పది రోజుల్లో మచ్చ పడకుండా తగ్గిపోతుంటే దాన్ని పాలిమార్ఫస్ లైట్ ఎరప్షన్ అంటారు. "ఎండ అలర్జీ" అని జనం అనేది ఎక్కువగా దీన్నే. మన రంగు చర్మం మీద ఇది ఎర్రగా కనిపించాలని లేదు. ముంజేతుల వెలుపలి వైపు, మెడ వెనుక, గుండుసూది తలంత పొక్కులుగా, చర్మం రంగులోనో కాస్త తెల్లబడినట్టో ఉండటం మామూలు, అందుకే చాలామంది దీన్ని తెల్లమచ్చలనుకొని, బొల్లి వస్తున్నదేమోనని బెదిరిపోతారు. ఎండకాలం మొదట్లో విరుచుకుపడి, చర్మం ఎండకు అలవాటు పడ్డకొద్దీ జూన్ నాటికి నెమ్మదించడం దీని ప్రత్యేక లక్షణం. ఏడాది పొడవునా వెలుగు చూసే ముఖం తప్పించుకొని, చలికాలమంతా కప్పి ఉంచిన చేతులు దొరికిపోవడానికి కారణం కూడా అదే.

దురద కంటే మంట ఎక్కువగా ఉండి, అదే సాయంత్రం చర్మం కమిలి, తర్వాత పొట్టు లేస్తే అది మామూలు ఎండ దెబ్బ కావచ్చు. తక్కువ ఎండకే అలా జరిగితే మాత్రం ఏదో మందు దానికి తోడైందేమో చూడాలి.

అద్దం ముందు నిలబడండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష, అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లను దిద్దేది కూడా ఇదే. పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి, పొక్కులు ఉన్న చోటును కాకుండా, లేని చోటును వెతకండి. గడ్డం పైకెత్తి దాని కింది నీడ పడే భాగాన్ని చూడండి. చెవి తమ్మెను ముందుకు మడిచి వెనుక భాగాన్ని ఎవరితోనైనా చూపించుకోండి. కళ్లు మూసి పై రెప్ప మడతను, మెడ ముడతల లోపలి గీతలను, వాచీ పట్టీ కింద, గాజుల కింద ఉన్న చర్మాన్ని పరిశీలించండి. ఈ చోట్లు శుభ్రంగా ఉండి, చొక్కా గుండీ దగ్గర ఆంగ్ల అక్షరం వీ ఆకారంలోనో, రవికె చేతి అంచు దగ్గర గీత గీసినట్టుగానో బాధ ఆగిపోయి ఉంటే దోషం వెలుగుది.

ఆ నీడ చోట్లలో కూడా చర్మం దురదపెట్టి మందమెక్కి ఉంటే ముందుగా అనుమానించవలసింది వయ్యారిభామను. 1950ల మధ్యలో పుణే దగ్గర మన దేశంలో గుర్తించిన ఈ మొక్క ఇవాళ మన చెల్కల గట్ల మీద, రోడ్ల పక్కన, బడి ఆవరణల్లో లేనిచోటు లేదు. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. దానిలోని పార్థెనిన్ అనే పదార్థం మొక్క మీది సన్నని నూగుతో, ఎండిన ఆకుల పొడితో గాలిలో ఎగిరి చర్మం మీద వాలుతుంది. గాలికి చెవి వెనుక, రెప్ప మడత అన్న తేడా లేదు, మోచేతి మడతలోకీ వెళుతుంది. చిక్కేమిటంటే ఏళ్ల తరబడి దీనితో బాధపడినవారికి కొందరికి ఎండ కూడా పడకుండా పోతుంది, అప్పుడు రెండూ కలిసి ఉంటాయి. పొలం పనులు చేసే నడివయసు మగవారిలో ఇది ఎక్కువగా చూస్తాను. వారికి ఎన్ని ట్యూబులు ఇచ్చినా, గట్టు మీది మొక్క పూతకు రాకముందే చేతులకు తొడుగులు వేసుకొని వేరొకరు పీకేయనంత కాలం ఫలితం ఉండదు. పీకే పని బాధితుడే చేయకూడదు. ఎండిన మొక్కను తగలబెట్టే చోట, దాని పొడి ఎగిరే చోట అతను నిలబడకూడదు.

ఒకే చోట గీతలు గీతలుగా, కారిన చుక్కల ఆకారంలో మచ్చ ఉంటే కథ ఇంకోటి. ఒకసారి నిమ్మ షర్బతు బండి నడిపే కుర్రవాడు కుడి చెయ్యి చూపించాడు. బొటనవేలి సందు నుంచి మణికట్టు మీదుగా మోచేతి దాకా కాఫీరంగు చార ఒకటి, దాని పక్కన రెండు గుండ్రటి చుక్కలు. నిమ్మకాయ పిండినప్పుడు రసం ఏ దారిన కారిందో చర్మం మీద పటం గీసినట్టు ఉన్నది. నిమ్మ తొక్కలోనూ రసంలోనూ ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా యూవీ-ఎ తగిలితే ఒకటి రెండు రోజుల్లో మంట, ఎరుపు, కొన్నిసార్లు బొబ్బ, ఆ తర్వాత నెలల తరబడి నల్ల మచ్చ. ఇది అలర్జీ కాదు, ఎవరికైనా జరుగుతుంది. నకిరేకల్ మార్కెట్టుకు కాయ పంపే నిమ్మ తోటల్లో పనిచేసేవారు, ఇంటి ముందు ఎండలో కూర్చొని పచ్చడికి కాయలు కోసేవారు పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కొని ఎండలోకి రావడమే దీనికి మందు. ముఖం తెల్లబడుతుందని నిమ్మచెక్క రుద్దుకొని బయటికి వెళ్లడం ఎంత పొరపాటో వేరే చెప్పనక్కరలేదు. బొల్లికి నాటు వైద్యంగా రాసే బావంచాల నూనెలోనూ ఇదే జాతి పదార్థం మరింత బలంగా ఉంటుంది. అది రాసి ఎండలో కూర్చుంటే బొబ్బలు లేస్తాయి, ఎంతసేపు కూర్చోవాలో చెప్పగలిగింది చర్మ వైద్యుడు మాత్రమే.

మందుల పట్టీలు బయట పెట్టండి

ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ ఒక చోట పోసి, పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరును వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. చూపు ఆనకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. మొటిమలకూ కొన్ని జ్వరాలకూ ఇచ్చే డాక్సీసైక్లిన్, బీపీ మాత్రల్లో కలిసి వచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, ఒళ్లునొప్పులకు వాడే పైరాక్సికామ్, నాప్రాక్సెన్, మోకాళ్లకు పూసే కీటోప్రొఫెన్ జెల్, తామరకు వాడే గ్రిసియోఫుల్విన్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్, మానసిక వ్యాధులకు ఇచ్చే క్లోర్‌ప్రొమజైన్, మొటిమల ఐసోట్రెటినాయిన్, వీటిలో ఏది ఉన్నా ఎండకు చర్మం మామూలు కంటే ఎక్కువగా స్పందించవచ్చు. చర్మానికి రాసే సెంట్లు, జుట్టు రంగులు, కొందరిలో బొట్టు కూడా ఇలాంటి బాధ తెస్తాయి. అప్పుడు మచ్చ ఎక్కడ పూశారో అక్కడ మొదలవుతుంది.

ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. అచ్చంపేట వైపు ఊళ్లో ఉండే మా అమ్మకు ఒక ఎండకాలం మెడ ముందు భాగమూ ముంజేతులూ దురదపెట్టి నల్లబడసాగాయి. చేను గట్టు నిండా వయ్యారిభామ ఉన్నది కదా అని నేను దాని మీద నింద వేసి, కాలమైన్ లోషను, దురద మాత్రలు పంపుతూ రెండు నెలలు గడిపాను. చెవి వెనుక చూడమని ఒక్కసారైనా ఎవరికీ చెప్పలేదు. దుకాణంలో ఎంతమందికో చదివి చెప్పే నేను అమ్మ పట్టీ చదివింది ఆమె మా ఇంటికి వచ్చి, గోళీలు కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టినప్పుడు. అంతకు మూడు నెలల ముందు మార్చిన బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్నది. ఆ మందు మంచిదే, లక్షలమందికి ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది, అమ్మ చర్మానికి మాత్రం పడలేదు. డాక్టరు వేరే మాత్ర రాసిన కొన్ని వారాలకు దురద పోయింది, నలుపు తేలిపోవడానికి మాత్రం దసరా దాకా పట్టింది.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పట్టీ మీద ఈ పేర్లలో ఒకటి కనిపించింది కదా అని బీపీ మాత్రనో గుండె మాత్రనో మీ అంతట మీరు ఆపవద్దు. మచ్చ కంటే పక్షవాతం పెద్దది. పట్టీ తీసుకొని రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లి, "దీనివల్ల ఎండ పడకపోవడం ఉంటుందా, బదులుగా వేరేది ఉందా" అని అడగండి. మాత్రలు కత్తిరించి తీసుకునేటప్పుడు పేరు ఉన్న ముక్కను చివరిదాకా ఉంచుకోవడం అలవాటు చేసుకోండి.

తిండి సంగతి ఒక మాట

రెండు చేతుల వెలుపలి భాగాలూ, పాదాల పైభాగమూ, మెడ చుట్టూ గొలుసు వేసినట్టుగానూ చర్మం ఒకే తీరున నల్లబడి, గరుకై, పొలుసులు లేస్తూ, దానితో పాటు విరేచనాలు, నాలుక మంట, మతిమరుపో చిరాకో ఉంటే అది పెల్లాగ్రా కావచ్చు. నయాసిన్ అనే బి విటమిన్ చాలకపోవడం దీనికి కారణం. జొన్న రొట్టె మీదనే బతికిన దక్కను పీఠభూమి పల్లెల్లో ఇది ఒకప్పుడు తెలిసిన జబ్బే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి దీనితో సంబంధం ఉండవచ్చునని ప్రతిపాదించారు. ఇవాళ రొట్టెతో పాటు పప్పు, పాలు, గుడ్డు ఏదో ఒకటి తింటున్నందున జొన్నను చూసి భయపడనక్కరలేదు, నేనూ రాత్రిపూట రొట్టే తింటాను. ఇప్పుడు ఈ జబ్బు కనిపించేది ఎక్కువగా తిండి మానేసి సారాయి మీద ఉండేవారిలో, కొన్నిసార్లు టీబీకి ఐసోనియాజిడ్ వాడేవారిలో. విటమిన్ అందితే రోజుల్లోనే తేడా తెలిసే జబ్బును ఎండ అలర్జీ అని వదిలేస్తే మనిషి ప్రాణానికే ముప్పు వస్తుంది.

కాచుకోవడం: ముందు బట్ట, తర్వాత ట్యూబు

సన్‌స్క్రీన్ అమ్ముకునే నేను ఈ మాట చెప్పడం వింతగా అనిపించవచ్చు గాని, ఎండలో ఆరేడు గంటలు పనిచేసే మనిషికి బట్టను మించిన రక్షణ లేదు. లెక్క చూడండి. ముఖానికీ మెడకూ సరిపడా రాయాలంటే చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత క్రీము కావాలి, ఒక్కో చేతికీ ఇంచుమించు అంతే. చెమట పట్టే చోట రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. ఈ లెక్కన 50 గ్రాముల ట్యూబు ముఖానికి ఒక్కదానికే నెల రాదు. కూలీ డబ్బులతో అది అయ్యే పని కాదు.

బట్ట ఎంచుకునేటప్పుడు దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నేత సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే కిరణాలూ అలాగే వస్తాయి. నేత చిక్కగా ఉన్న నూలు బట్ట, అందులోనూ ముదురు రంగుది, పలచటి తెల్ల బట్ట కంటే బాగా ఆపుతుంది. తెలుపు చల్లగా ఉంటుందన్నది నిజమే, కానీ పలచగా ఉంటే చర్మానికి అంత కాపుదల ఇవ్వదు. పత్తి ఏరే ఆడవాళ్లు చీర మీద ఇంట్లో మగవాళ్ల పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కోవడం చూస్తూనే ఉంటాం. ఏ చర్మ వైద్యుడూ అంతకంటే మంచి సలహా ఇవ్వలేడు, మణికట్టు గుండీ కూడా పెట్టుకుంటే చాలు. తడిపిన తువ్వాల నెత్తిన వేసుకుంటే చల్లగా ఉంటుంది గాని తడిసిన నూలు బట్టలోంచి కిరణాలు ఎక్కువగా దూరుతాయి కనుక దాన్ని రెండు మడతలు వేయండి. తలరుమాలు చుట్టేవారు ఒక కొసను మెడ వెనుకకు వదలాలి. పిల్లల టోపీలు చెవులను, మెడను వదిలేస్తాయి, చుట్టూ మూడు అంగుళాల అంచు ఉన్నది కొనండి. గొర్రెల కాపరులు మండుటెండలోనూ గొంగడి కప్పుకోవడం చూసి నవ్వేవాళ్లు ఉన్నారు, చర్మం వరకు చూస్తే వాళ్లే తెలివైనవాళ్లు.

పని వేళను మార్చుకోగలిగితే పది గంటల నుంచి నాలుగు గంటల వరకు తప్పించండి. ఉపాధి హామీ పనిచోట విశ్రాంతికి నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని చట్టమే చెబుతున్నది. ఎండ పడదని డాక్టరు రాసిన చీటీ ఉంటే మేటుకు చూపించి పొద్దున్నే మొదలుపెట్టి పది లోపు ముగించుకునే వీలు అడగండి.

ఇక ట్యూబు కొనేటట్టయితే దాని మీద మూడు సంగతులు చూడండి. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించి ఉండాలి, ఇది యూవీ-బి లెక్క. పీఏ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉండాలి, ఇది యూవీ-ఎ లెక్క, ఎండ అలర్జీ ఉన్నవారికి దీని అవసరం ఎక్కువ. ఒళ్లు తేలికగా దురదపెట్టేవారు సెంటు లేని, జింక్ ఆక్సైడ్ ఉన్న రకం తీసుకోవాలి. కొత్త ట్యూబును ముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట నాలుగైదు రోజులు రాసి చూసి, ఏమీ కాకపోతేనే ముఖానికి వాడండి. బయటికి వెళ్లే పావుగంట ముందు రాయండి. కాలమైన్ లోషను సన్‌స్క్రీన్‌కు బదులు పనికిరాదు, అది దురదకు మాత్రమే.

పొక్కులు లేచిన రోజు

నీడకు వచ్చి, చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి బట్టను పది పదిహేను నిమిషాలు వేసి ఉంచండి. గోకవద్దు, సున్నిపిండితో రుద్దవద్దు, టూత్‌పేస్టు, సున్నం వంటివి పూయవద్దు. దురదకు సెట్రిజిన్ మాత్ర పనికొస్తుంది గాని మత్తు వస్తుంది, అది వేసుకొని బండి నడపవద్దు, ట్రాక్టరు ఎక్కవద్దు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, చిన్నపిల్లలూ అడగకుండా ఏ మాత్రా వేసుకోకూడదు.

చేయకూడని పనుల్లో అన్నిటికంటే పెద్దది స్టెరాయిడ్ ట్యూబును సొంతంగా కొనుక్కోవడం. బీటామెథసోన్, క్లోబెటసాల్ పేర్లు ఉన్న క్రీములు, తామరకూ దురదకూ అన్నిటికీ ఒకటే అని అమ్మే మూడు మందుల మిశ్రమాలు రెండు రోజుల్లో పొక్కులను మాయం చేస్తాయి. ఆ సంబరంతో నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, మానేసిన రోజు మండుతుంది. పైగా అప్పుడు చర్మం ఎండను మునుపటి కంటే తక్కువగా తట్టుకుంటుంది. తగిన బలం ఉన్న స్టెరాయిడ్ క్రీమును కొద్ది రోజుల పాటు డాక్టరు రాస్తే వాడటం వేరు, దానికి భయపడనక్కరలేదు. ఊళ్లో ఒక సూదితో దురద తగ్గించేవారు వేసేది కూడా తరచుగా స్టెరాయిడే. షుగర్ ఉన్నవారికి ఆ సూది షుగరును అమాంతం పెంచుతుంది.

డాక్టరు దగ్గరికి

పెదవులో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఎండలో దద్దుర్లతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా 108కి ఫోను చేయాలి. కొత్త మందు మొదలుపెట్టిన వారాల్లో జ్వరంతో పాటు నోట్లో, కళ్లలో పుండ్లు, ఒంటి మీద బొబ్బలు వస్తే అది ఎండ సంగతి కాదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

తొందర లేకున్నా ఆలస్యం చేయకూడనిది ఇంకొకటి ఉన్నది. ముక్కు మీదుగా రెండు బుగ్గలకూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎరుపు, కీళ్ల నొప్పులు, నోటిలో నొప్పిలేని పుండ్లు, జుట్టు రాలడం, వదలని జ్వరం, ఇవి కలిసి వస్తే, ఒంటి రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదనే తిరగబడే లూపస్ అనే జబ్బును అనుమానించాలి. వయసులో ఉన్న ఆడవారిలో ఇది ఎక్కువ. ఏఎన్ఏ రక్తపరీక్షతో పాటు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష కూడా చేయించాలి, ఎందుకంటే ఈ జబ్బు చప్పుడు లేకుండా మూత్రపిండాలను పట్టుకుంటుంది. నెలల పిల్లలు ఎండ తగిలితే గుక్కపట్టి ఏడ్చినా, రెండేళ్లలోపే ముఖం నిండా నల్ల చుక్కలు వచ్చినా పుట్టుకతో వచ్చే జబ్బు ఉండే అవకాశం ఉన్నది. మేనరికం చేసుకున్న ఇళ్లలో ఈ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినందున వాటి ఆసుపత్రుల్లోనే చర్మవ్యాధుల ఓపీ దొరుకుతుంది. వెళ్లేటప్పుడు నోటు పుస్తకం, మాత్రల పట్టీలు, ఇంతవరకు పూసిన ట్యూబులు ఒక సంచిలో వేసుకొని తీసుకెళ్లండి. మీ వంతు వచ్చేసరికి దద్దుర్లు అణిగిపోవచ్చు కనుక లేచినప్పుడే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, దగ్గర నుంచి ఒకటి, చెయ్యి మొత్తం కనిపించేలా ఇంకొకటి.

ఏటా ఒకే కాలంలో తిరగబెట్టేవారికి డాక్టరు హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఇవ్వవచ్చు, వాటిని వాడేవారు చెప్పిన గడువుకు కంటి పరీక్ష చేయించుకోవాలి. పెద్ద ఆసుపత్రుల్లో ఎండకాలానికి ముందే కొలత ప్రకారం కిరణాలిచ్చి చర్మాన్ని అలవాటు చేసే వైద్యం కూడా ఉన్నది. ఎప్పుడూ కప్పుకొని తిరిగేవారు విటమిన్ డి పరీక్ష ఒకటి చేయించుకోవాలి. ఈ ఏడాది మొదటి పొక్కు ఏ తేదీన లేచిందో నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది డాక్టరును కలవవలసింది ఆ తేదీకి నెల ముందు.